డాక్టరమ్మ వినే పద్ధతి

ఆ వీధి మలుపులో, చెప్పుల షాపుకీ పాత ఫొటో స్టూడియోకీ మధ్య లేతాకుపచ్చ తలుపున్న ఇల్లొకటి ఉండేది. కింద పెంపుడు జంతువుల క్లినిక్, పైన డాక్టరమ్మ కాపురం. కాపురమంటే ఆవిడొక్కతే. పెళ్ళి మాట ఒకటి రెండుసార్లు గుమ్మం దాకా వచ్చిందనీ, వచ్చిన ప్రతిసారీ సరిగ్గా అదే వేళకి ఏదో ఒక కుక్కకి నొప్పులు మొదలయ్యాయనీ, తను చేతులు కడుక్కుని వచ్చేసరికి వచ్చినవాళ్ళు కాఫీ తాగేసి వెళ్ళిపోయారనీ ఆవిడే నవ్వుతూ చెప్పేది. అందులో నిజమెంతో ఎవరూ ఆరా తీయలేదు.

మధ్యాహ్నం పూట ఆ క్లినిక్ ముందు గదిలో కూర్చుంటే ఎవరికైనా కళ్ళు మూతలు పడేవి. కిటికీకి గరుకు అద్దం ఉండటంతో వీధి వెలుగు నీళ్ళలోంచి వచ్చినట్టు మసక మసగ్గా, కదులుతూ వచ్చేది. ఆ వెలుగులో కుక్కల నీడలు గోడ మీద పెద్దవయ్యేవి, తోకల నీడలు ఊగేవి. ఒక పక్క కుక్కలు, ఇంకో పక్క పిల్లులు, మధ్యలో బల్ల వెనక పిన్ని. పిన్ని ఎవరికి పిన్నో ఎవరికీ తెలియదు. ఆవిడకన్నా వయసులో పెద్దవాళ్ళు కూడా పిన్నీ అనే పిలిచేవాళ్ళు. వచ్చిన జంతువుని, తెచ్చిన మనిషిని ఒక్క చూపులో కొలిచి, ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టాలో, ఎవర్ని ముందు లోపలికి పంపాలో చూసుకునేది ఆవిడే. పిల్లి బుట్టల్ని మాత్రం చచ్చినా నేల మీద పెట్టనిచ్చేది కాదు.

"పైన అరలో పెట్టండి, గుడ్డ కప్పండి. కింద పెడితే వచ్చే పోయే ప్రతి కుక్కా దాని మొహంలో మొహం పెడుతుంది. మిమ్మల్ని ఎవరైనా అలా చూస్తే మీకెలా ఉంటుంది?" అనేది.

లోపలి గదిలో స్టీలు బల్ల ఉంది గానీ, దాని మీద జంతువుని ఎక్కించడం అరుదు. డాక్టరమ్మ చాప పరుచుకుని నేల మీద కూర్చునేది. బెదిరిన కుక్క తనంతట తాను దగ్గరికి వచ్చేదాకా దాని వైపు చూడనైనా చూడకుండా, తెచ్చినవాళ్ళతో ఆ మాటా ఈ మాటా మాట్లాడుతూ ఉండేది. ఎప్పటికో కుక్కకి అనుమానం తీరి, వచ్చి ఆవిడ మోకాలు వాసన చూసేది. అప్పుడు మొదలయ్యేది పరీక్ష. అందుకే ఆవిడకి నేల డాక్టరమ్మ అని పేరు పడిపోయింది.

ఊళ్ళో పెద్ద ఆసుపత్రి లేకపోలేదు. అద్దాల తలుపులు, చల్లటి గదులు, రకరకాల యంత్రాలు. సరిగ్గా దాని ముందే బస్సెక్కి ఈ మలుపు దాకా వచ్చేవాళ్ళు జనం. ఎందుకని అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పేవాళ్ళు. మా కుందేలుని పేరు పెట్టి పిలుస్తుందండీ అనేవారొకరు. సూది వేసేముందు అది ఎందుకో, వేశాక ఏమవుతుందో విడమరిచి చెబుతుందని ఇంకొకరు. మర్నాడు తలుచుకుని, ఎలా ఉందో పిన్నిని కనుక్కోమంటుందని మరొకరు. ఎక్కువమంది మాత్రం కాసేపు ఆలోచించి, చెప్పడం చేతకానట్టు చేతులు తిప్పి, "ఆవిడ వింటుందండీ" అనేవాళ్ళు.

ఆ మాట తెలిసినప్పుడల్లా డాక్టరమ్మకి లోపలెక్కడో కలుక్కుమనేది. ఎందుకంటే అప్పటికే ఆవిడకి వినికిడి పోతోంది.

మొదట పోయినవి పిట్టలు. ఒకరోజు పొద్దున మేడ మీద కాఫీ తాగుతూ, ఎదురింటి చెట్టు మీద పిట్టలన్నీ ఏమైపోయాయా అనుకుంది. తలెత్తి చూస్తే కొమ్మల నిండా ఉన్నాయి. ముక్కులు తెరుస్తున్నాయి, మూస్తున్నాయి, గొంతులు ఉబ్బుతున్నాయి. చప్పుడు లేదు. అద్దానికి అవతల జరుగుతున్నట్టుంది అంతా. భయపడాల్సిన సంగతే. కానీ ఆ క్షణాన ఆవిడకి భయం వేయలేదు. ఒకరకం మైకం కమ్మింది. కాఫీ చల్లారిపోయేదాకా ఆ మూగ పాట చూస్తూ నిలబడిపోయింది.

తరవాత కుళాయి చుక్కలు పోయాయి. వంటింట్లో పాలు పొంగే చప్పుడు పోయింది. రోజూ స్టవ్వు తుడుచుకోవడమే పని. కాగితం తిప్పితే చప్పుడుండదు, చీపురుతో ఊడిస్తే చప్పుడుండదు. మెట్లు దిగుతుంటే తన అడుగులు తనకే వినపడక, గాల్లో తేలుతూ దిగుతున్నట్టుండేది. ఎవరో రోజుకింత చొప్పున ప్రపంచాన్ని దూదిలో చుట్టి దాచేస్తున్నట్టుండేది.

నిద్రలో మాత్రం అన్నీ వినపడేవి. కలల్లో నాన్న నడిపిన పాల వ్యాను వచ్చేది, వెనక క్యాన్లు ఒకదానికొకటి తగిలి గలగలమనేవి. ఏనాడో వైద్యం చేసిన జంతువులన్నీ ఒక్కొక్కటే మెట్లెక్కి మంచం చుట్టూ చేరేవి. గచ్చు మీద వాటి గోళ్ళ టకటక, అవి నీళ్ళు తాగే చప్పుడు, నిట్టూర్పులు, చివరికి వాటి గుండెలు కూడా, రేకుల కప్పు మీద సన్నటి వాన పడుతున్నట్టు. కళ్ళు తెరవగానే అన్నీ ఒక్కసారిగా ఆగిపోయేవి. ఆవిడకి నిద్రలేవడమంటే చెవులు మూసుకోవడమైపోయింది.

వాళ్ళింట్లో ఇది కొత్త కాదు. ఆవిడ తల్లికీ ఇలాగే నడివయసులోనే చెవులు పోయాయి. అప్పుడు డాక్టరమ్మ చిన్నపిల్ల. బడి నుంచి రాగానే అమ్మ కుర్చీని కిటికీ దగ్గరికి లాగి, వెలుగు తన మొహం మీద పడేట్టు ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, ఆ రోజు సంగతులన్నీ మెల్లగా, పెదవులు బాగా కదుపుతూ చెప్పేది. తల్లి కళ్ళతో వినేది. ఒకసారి అందకపోతే రెండోసారి. పిల్లకి విసుగుండేది కాదు.

మిగతావాళ్ళకి అంత ఓపిక ఎక్కడిది! మొదట్లో గట్టిగా అరిచేవాళ్ళు. తరవాత అలిసిపోయారు. అందరూ భోజనాల దగ్గర కూర్చుని ఏదో మాటకి పగలబడి నవ్వేవాళ్ళు. తల్లి తనూ నవ్వబోతూ, "ఏమిటీ? ఏమన్నాడు?" అని అడిగేది. "ఏం లేదులే" అనేవాళ్ళు. ఆ "ఏం లేదులే" వినపడకపోయినా తల్లికి అర్థమయ్యేది. మొహం మీద తలుపేసినట్టు అయ్యేది ఆవిడకి. కొన్నాళ్ళకి అడగడం మానేసింది. ఆ తలుపు పడటం పిల్ల చూసింది. పెద్దయ్యాక, చదువుకుని డాక్టరయ్యాక, తన చెవుల్లోంచి పిట్టలు ఎగిరిపోయాక, ఆవిడకి పట్టుకున్న భయమల్లా ఆ రెండు మాటలే.

అందుకే ఎవరికీ చెప్పలేదు.

పైగా ఆవిడకి చిన్నప్పటి విద్య ఉండనే ఉంది. కిటికీకి వీపు పెట్టి తను కూర్చునేది, వచ్చినవాళ్ళ మొహం మీద వెలుగు పడేట్టు వాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టేది. వాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ మందులు వెతకడం, ఫోన్ చూడటం లాంటివేమీ ఉండేవి కావు. చూపు తిప్పితే మాట పోతుంది మరి. ఆ సంగతి తెలియని జనం, ఇంత శ్రద్ధగా తమ మాట ఇంతకుముందెవరూ వినలేదని మురిసిపోయేవాళ్ళు. మాట అందనప్పుడు ఆవిడ, "ఇంకోసారి చెప్పండి, తొందరేం లేదు" అనేది. చిత్రమేమిటంటే, రెండోసారి చెప్పేటప్పుడు మనుషులు మొదటిసారి వదిలేసింది చెబుతారు.

ఒకావిడ, బట్టల మిల్లులో పనిచేసి మానేసినావిడ, తన ముసలి కుక్క అన్నం ముట్టడం లేదని తీసుకొచ్చింది. పళ్ళు బాగున్నాయి, పొట్ట బాగుంది. ఇంకోసారి చెప్పమంది డాక్టరమ్మ. ఆవిడ మళ్ళీ మొదలుపెట్టి, "గిన్నెలో పెట్టింది పెట్టినట్టే ఉంటోందమ్మా" అని, కాస్త ఆగి, "నా కంచంలోదీ అంతే. మా చెల్లెలు వేరే ఊరు వెళ్ళిపోయిన దగ్గర్నుంచీ" అంది. అనేసి తనే ఆశ్చర్యపోయింది. ఆ రోజు డాక్టరమ్మ మందు రాయలేదు. ఇద్దరూ ఒకే వేళకి, ఒకే గదిలో కూర్చుని తినమని చెప్పింది. కుక్క తిన్నది. ఆవిడా తిన్నది.

ఇలా రోజులు కలలాగా సాగిపోయేవే. కానీ గుండె దగ్గర ఈ విద్య పనికిరాదు. గుండెకి పెదవులుండవు.

స్టెతస్కోపు పెడితే లబ్ డబ్ అనే లావుపాటి చప్పుడు ఆవిడకి ఇంకా అందేది. ఆ రెంటి మధ్యన, గుండె తలుపులు సరిగ్గా మూసుకోనప్పుడు సన్నగా ఈలలా వచ్చే చప్పుడు ఉంటుంది చూడండి, అది అందేది కాదు. అందడం లేదన్న సంగతి ఆవిడకి సగం తెలుసు, సగం తెలుసుకోదలుచుకోలేదు. చెయ్యి ఛాతీ మీద ఆనించి వేళ్ళతో వింటున్నానులే అని తనకి తాను సర్దిచెప్పుకునేది.

అలాంటి రోజుల్లోనే వీధి చివర బేకరీ ఆయన తన పిల్లిని తెచ్చాడు. ఆయన భారీ మనిషి. ముంజేతుల వెంట్రుకల్లో ఎప్పుడూ పిండి ఉండేది, వెంట కాల్చిన రొట్టె వాసన వచ్చేది. పిల్లి తెల్లగా, గుండ్రంగా ఉంటుంది కాబట్టి దాని పేరు పిండిముద్ద. బేకరీ పెట్టిన కొత్తల్లోంచీ ఆయనతోనే ఉంది. పొయ్యి పైన వెచ్చటి అరుగు మీద పడుకోవడం దాని ఉద్యోగం.

"ఈ మధ్య అరుగు ఎక్కట్లేదండీ. కిందే పడుంటోంది. ముసలైపోయిందంటారా?" అన్నాడు.

డాక్టరమ్మ పళ్ళు చూసింది, కీళ్ళు వంచి చూసింది, పొట్ట తడిమింది. స్టెతస్కోపు పెట్టింది. లబ్ డబ్, లబ్ డబ్. మధ్యాహ్నపు ఎండ చాప మీద పడుతోంది, పిల్లి బొచ్చు చివర్లు మెరుస్తున్నాయి. అంతా ప్రశాంతంగా ఉంది.

"గుండె బాగుంది. కీళ్ళ నొప్పులు కాబోలు. ఎక్కడానికి కిందో పెట్టె వేయండి" అంది.

ఆయన సంతోషంగా వెళ్ళి పెట్టె వేశాడు.

కొన్ని వారాలు గడిచాయి. ఒక పగటిపూట, ముందు గది నిండా జనం ఉండగా, ఆకుపచ్చ తలుపు గోడకి కొట్టుకునేంత విసురుగా తెరుచుకుంది. బేకరీ ఆయన ఏప్రాన్‌తోనే పరుగెత్తుకొచ్చాడు. చేతుల్లో రొట్టెల బుట్ట, అందులో పిండిముద్ద. మెడ సాచి, నోరు తెరిచి, డొక్కలెగరేస్తూ ఊపిరి తీస్తోంది. పిల్లి నోటితో ఊపిరి తీస్తోందంటే ఇక ఆలస్యం చేయకూడదని పిన్నికి తెలుసు. ఎవర్నీ అడగలేదు, నేరుగా లోపలికి తీసుకెళ్ళింది. వరసలో ఉన్నవాళ్ళు ఒక్కరూ నోరెత్తలేదు.

డాక్టరమ్మ దాని ఛాతీ మీద చెయ్యి ఆనించగానే విషయం అర్థమైంది. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరింది. ముక్కు దగ్గర ఆక్సిజన్ పెట్టి, సన్నటి సూదితో పక్కటెముకల మధ్య నుంచి ఆ నీరు లాగింది. లేత పసుపు రంగు నీరు గొట్టంలోంచి నెమ్మదిగా వస్తుంటే, డొక్కలు ఎగరడం కూడా నెమ్మదించింది. చివరికి పిల్లి నోరు మూసుకుని, అలిసిపోయి, తల వాల్చింది. బేకరీ ఆయన గోడకి జారగిలబడి అలాగే నేల మీద కూర్చుండిపోయాడు.

డాక్టరమ్మ మేనకోడలు, అంటే తమ్ముడి కూతురు, పెద్ద ఆసుపత్రిలో జంతువుల గుండె జబ్బులు చూసే డాక్టరు. పిన్ని ఫోన్ చేస్తే స్కానింగ్ యంత్రం పట్టుకుని వచ్చింది. ముందు స్టెతస్కోపు పెట్టింది. పెట్టిన మరుక్షణమే కనుబొమలు పైకి లేచాయి.

"అత్తా, ఈల ఎంత గట్టిగా ఉందో! పోయినసారి చూసినప్పుడు లేదా ఇది?"

డాక్టరమ్మకి ఆ పిల్ల పెదవులు స్పష్టంగా కనిపించాయి. ఇంకోసారి చెప్పమనాల్సిన పని లేకపోయింది.

మేనకోడలు మందులు మొదలుపెట్టి వెళ్ళాక, డాక్టరమ్మ పిల్లి గూడు ముందు, బేకరీ ఆయన పక్కనే నేల మీద కూర్చుంది. గూట్లో పిండిముద్ద పడుకుంది. వెలుగు అదే మసక వెలుగు. కానీ ఆవిడకి చాలా రోజుల తరవాత నిద్ర నుంచి పూర్తిగా లేచినట్టుంది.

"అన్నయ్యగారూ, ఒక మాట చెప్పాలి. పోయినసారి మీరు తెచ్చినప్పుడు కూడా దీని గుండెలో తేడా ఉండే ఉంటుంది. నేను వినలేదు."

"వినలేదంటే? చూడటం మర్చిపోయారా?"

"లేదు. పెట్టి విన్నాను. నాకు వినపడలేదు. నాకు చెవులు పోతున్నాయి. చాన్నాళ్ళయింది. ఎవరికీ చెప్పలేదు."

ఆయన ఆవిడ వైపు తిరిగి చూశాడు. ఏదో అర్థం కాని భాషలో రాసినదాన్ని చూస్తున్నట్టు చూశాడు.

"అప్పుడే తెలిసుంటే?"

"అప్పుడే మందులు మొదలుపెట్టేదాన్ని. జబ్బు రాకుండా పోయేదని చెప్పను, జబ్బు ఎలాగూ ఉంది. కానీ ఇవాళ అది పడ్డ అవస్థ చాలావరకు తప్పేది."

ఆయన గూట్లోకి చెయ్యి పెట్టి పిల్లి పాదం నిమిరాడు. తరవాత, "ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పానండీ, గుండె భేషుగ్గా ఉందట అని. ఇద్దరం నిశ్చింతగా ఉన్నాం. ఆ పెట్టె వేసి దాన్ని అరుగు ఎక్కమని బతిమాలాను. ఎక్కట్లేదని కసిరాను కూడా" అన్నాడు. లేచి, పెదవులు కదిలీ కదలనట్టు ఇంకేదో అన్నాడు. ఆ మాట డాక్టరమ్మకి అందలేదు. ఇంకోసారి చెప్పమని అడిగే ధైర్యం రాలేదు. పిల్లి తేరుకున్నాక వచ్చి తీసుకెళ్ళిపోయాడు. పిన్నికి మాత్రం తల ఊపాడు.

ఆ సాయంత్రం తలుపు వేశాక పిన్ని వచ్చి ఎదురుగా కూర్చుంది. వెలుగులో మొహం పెట్టి మరీ కూర్చుంది.

"మీకు వినపడదని నాకు తెలుసమ్మా. ఎప్పట్నుంచో తెలుసు. వెనక నుంచి పిలిస్తే పలకరు, ఫోన్ నా చేతికిస్తారు. అందుకే మీ ముందుకొచ్చి మాట్లాడటం అలవాటు చేసుకున్నాను."

"మరి ఎప్పుడూ అడగలేదేం?"

"మీరు దాచుకుంటున్నారు, నేనెందుకు బయటపెట్టాలి అనుకున్నాను. మనుషుల మాట వినపడకపోతే ఏదో సర్దుకుంటాం. కానీ గుండె వినపడట్లేదని నాతోనైనా అనొద్దా తల్లీ? అవి నోరులేనివి కదా!"

పిన్ని కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపం కూడా ఉంది. డాక్టరమ్మకి ఆ కోపం చూస్తే ఎందుకో ప్రాణం కుదుటపడింది. తన తల్లి మీద ఎవరూ కోపగించుకోలేదు. కోపగించుకోవడానికి కూడా మనిషిని లెక్కలోకి తీసుకోవాలి కదా. పిన్ని తనని లెక్కలోంచి తీసేయలేదు.

"పిన్నీ, నేను చూసిన ముసలి జంతువులన్నిటినీ మళ్ళీ రమ్మని చెప్పు. మేనకోడల్ని పిలుస్తాను, అది వింటుంది. ఎందుకు రమ్మంటున్నామో కూడా చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు."

"జనం పోతారేమోనమ్మా."

"పోతే పోనీ."

పిన్ని చెప్పింది. ఆ వారమంతా ముందు గది కిటకిటలాడింది. ముసలి కుక్కలు, ముసలి పిల్లులు, ఒక కన్ను పోయిన కుందేలు. మేనకోడలు సెలవు పెట్టి వచ్చి ఒక్కొక్కదాని గుండె విన్నది. డాక్టరమ్మ తలుపు దగ్గర నిలబడి, ప్రతి మనిషికీ తనే చెప్పింది: నాకు వినికిడి తగ్గింది, ముందే చెప్పాల్సింది, చెప్పలేదు. చెప్పేటప్పుడు వాళ్ళ మొహాల్లోకి చూసింది. కొందరు ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. కొందరు ముఖం తిప్పుకున్నారు. ఒకాయన, తన కుక్కకి ఏ జబ్బూ లేదని తేలినా సరే, "నమ్మకం అన్నాక పోతే పోయినట్టేనండీ" అని వెళ్ళిపోయి మళ్ళీ రాలేదు. ఆయన్ని తప్పుపట్టడానికి ఆవిడకి మనసొప్పలేదు. ఇంకో రెండు పిల్లుల గుండెల్లోనూ ఈల ఉన్నట్టు తేలింది. వాటికి మందులు మొదలయ్యాయి.

బట్టల మిల్లు ఆవిడ మాత్రం డాక్టరమ్మ చెప్పింది విని, "అదా! మా కుక్కకి కూడా వినపడదమ్మా, నేను చెబితే వస్తుంది" అని, ఏదో పెద్ద భరోసా ఇచ్చినట్టు భుజం తట్టి లోపలికి వెళ్ళింది. పిన్ని నవ్వాపుకోలేక బల్ల కిందకి వంగి ఏదో వెతుకుతున్నట్టు నటించింది.

బేకరీ ఆయన రాలేదు. పెద్ద ఆసుపత్రిలో చూపిస్తున్నాడని మేనకోడలే చెప్పింది. అదీ మంచిదే అనుకుంది డాక్టరమ్మ. కానీ వీధి చివరికి వెళ్ళాల్సి వచ్చినప్పుడు రోడ్డుకి అవతలి పక్క నుంచి నడిచేది. రొట్టె వాసన అక్కడిదాకా వచ్చేది. చప్పుళ్ళు పోయిన లోకంలో వాసనలు ఇంకా చిక్కబడ్డాయి.

వర్షాలు వచ్చి వెళ్ళాయి. ఒక మధ్యాహ్నం, ముందు గదిలో ఒకే ఒక్క కుక్క, దాని యజమాని, ఇద్దరూ కునికిపాట్లు పడుతుండగా బేకరీ ఆయన వచ్చాడు. చేతిలో బుట్ట. పిల్లి బుట్టని తనే పై అరలో పెట్టి, గుడ్డ కప్పి, తన వంతు వచ్చేదాకా కూర్చున్నాడు. లోపలికి వచ్చాక వెలుగు మొహం మీద పడే చోట, ఎదురుగా, కష్టపడి ఆ భారీ శరీరాన్ని చాప మీదికి దించాడు. మెల్లగా, పెదవులు బాగా కదుపుతూ మాట్లాడాడు.

"అక్కడ బాగానే చూస్తారండీ. తప్పు పట్టడానికేం లేదు. మీ మేనకోడలు బంగారం."

"అవును."

"అయినా నాకు నిద్ర పట్టట్లేదు. అక్కడ వాళ్ళు బాగుంది అంటారు. ఇంటికెళ్ళాక, నిజంగా బాగుందా, నా మొహం చూసి అలా అన్నారా అనిపిస్తుంది. మీరు చెప్పకపోతే ఆ రోజు సంగతి నాకు జన్మలో తెలిసేది కాదు. దాని కర్మ అనుకుని ఊరుకునేవాణ్ణి. మీ అంతట మీరే చెప్పారు." ఆయన బుట్టలోకి చూశాడు. "దీనికి ఒకరోజు బాగుండకుండా పోతుంది కదండీ. ఆ రోజు నాకు నిజం చెప్పే మనిషి కావాలి. అందుకొచ్చాను. మీ మీద కోపం ఇంకా ఉంది. అది ఉండగానే వచ్చాను."

"ఉండనివ్వండి. ఆ రోజు లేచి వెళ్ళేటప్పుడు ఏదో అన్నారు. నాకు అందలేదు."

ఆయన ఇబ్బందిగా చూశాడు. "ముందు మీ చెవులు చూపించుకోండి అన్నానండీ. కాస్త కటువుగానే అన్నాను."

డాక్టరమ్మకి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంతకీ ఆగలేదు. చివరికి ఆయనకీ అంటుకుంది. పిండిముద్ద మాత్రం ఇద్దర్నీ చూసి, విసుగ్గా కళ్ళు మూసుకుంది.

ఆ నెలలోనే ఆవిడ చెవి మిషన్లు పెట్టించుకుంది. పెట్టుకున్న మొదటి రోజు లోకం దండెత్తి వచ్చినట్టయింది. కాగితాలు పెళపెళలాడాయి, కుళాయి అరిచింది, చీపురు గీరింది. తల తిరిగిపోయి గోడ పట్టుకుంది. అన్నిటికన్నా విడ్డూరం పిన్ని. బల్ల వెనక కూర్చుని వచ్చే పోయే ప్రతివారి మీదా లోగొంతుకతో ఒక వ్యాఖ్యానం నడుపుతోంది. "ఇదిగో వచ్చాడు, మళ్ళీ స్నానం మానేశాడు, కుక్కే నయం..."

"ఇన్నాళ్ళూ ఇవన్నీ అంటూనే ఉన్నావా?"

"మరి? ఊరికే కూర్చున్నాననుకున్నారా?" అంది పిన్ని, ఏమాత్రం సిగ్గుపడకుండా.

మేనకోడలు పెద్ద ఆసుపత్రి మానేసి ఇక్కడే కుదురుకుంది. గుండెలు వినడం ఆ పిల్ల పని, మనుషుల్ని వినడం అత్త పని. మిషన్లు ఉన్నా సరే, అత్త ఇంకోసారి చెప్పండి అనడం మానలేదు. మేనకోడలికి మొదట్లో ఇది చాదస్తంలా ఉండేది. కొన్నాళ్ళకి తనూ అనడం మొదలుపెట్టింది.

పిండిముద్ద ఆ తరవాత కూడా చాన్నాళ్ళు బతికింది. కింద పెట్టె సాయంతో అరుగు కూడా ఎక్కింది. చివరికి మందులు పనిచేయడం మానేసిన రోజున డాక్టరమ్మే బేకరీకి వెళ్ళింది. పొయ్యి పక్కన, పిండి రాలిన గచ్చు మీద ఆయనతో పాటు కూర్చుని, చెప్పాల్సింది చెప్పింది. ఆయన తల ఊపాడు. ఆయన భార్య పిల్లిని ఒళ్ళోకి తీసుకుంది. సూది వేసేముందు డాక్టరమ్మ మిషన్లు తీసి జేబులో వేసుకుంది. వీధి చప్పుడు, పొయ్యి చప్పుడు అన్నీ వెనక్కి వెళ్ళిపోయాయి. చెయ్యి ఆ తెల్లటి ఛాతీ మీద ఆనించి, గుండె కొట్టుకోవడం మెల్లగా, మరీ మెల్లగా అయ్యి ఆగేదాకా అలాగే ఉంచింది. "అయిపోయింది, నొప్పి లేకుండా వెళ్ళింది" అంది. ఆయన నమ్మాడు.

మర్నాడు క్లినిక్ మామూలుగానే తెరిచారు. మధ్యాహ్నానికి ఒక పోస్టుమాన్ అట్టపెట్టె పట్టుకుని వచ్చాడు. పెట్టెలో తాబేలు.

"మా నాన్న పెంచిందండీ. నాలుగు రోజులుగా కదలట్లేదు. బతికుందో లేదో తెలియట్లేదు."

మేనకోడలు స్టెతస్కోపు డిప్ప మీద ఒకచోట పెట్టింది, ఇంకోచోట పెట్టింది. తల అడ్డంగా ఊపింది. డిప్పలోంచి ఎవరికీ ఏమీ వినపడదు. డాక్టరమ్మ గోరువెచ్చటి నీళ్ళు తెప్పించి, పళ్ళెంలో పోసి, తాబేలుని అందులో పెట్టింది. చాప మీద పోస్టుమాన్‌ని కూర్చోమంది. తనూ కూర్చుంది. మేనకోడలు కూర్చుంది. ఏం జరుగుతోందో చూద్దామని పిన్ని కూడా వచ్చి తలుపుకి ఆనుకుని నిలబడింది.

"ఈలోగా మీ నాన్నగారి గురించి చెప్పండి" అంది డాక్టరమ్మ.

గరుకు అద్దంలోంచి వెలుగు వచ్చి నీళ్ళ మీద కదులుతోంది. పోస్టుమాన్ చెప్పడం మొదలుపెట్టాడు. ఎవరికీ తొందర లేదు. ఆయన తండ్రి ఉద్యోగంలో చేరిన రోజుల దాకా కథ వచ్చేసరికి, డిప్ప అంచున ముడతలు పడ్డ చర్మం కొద్దిగా కదిలింది. లోపలి నుంచి చిన్న తల, ఇంకా సగం నిద్రలోనే, బయటికి వచ్చింది.